జెబెల్ అలీలో గొడ్డలికి కామ

జెబెల్ అలీ అనగానే మన దుబాయ్ తెలుగువాళ్ళకి ఏం గుర్తొస్తుంది? కొందరికి ఫ్రీ జోన్‌లో ఆఫీసు. కొందరికి కంటైనర్ లారీల వెనకాల నత్తనడక ట్రాఫిక్. ఇంకొందరికి 2022 దసరా నాడు భక్తులకి తలుపులు తెరిచిన హిందూ దేవాలయం, దాని పక్కనే గురుద్వారా, ఆ దగ్గర్లోనే చర్చిలు. పిల్లలనడిగితే మాత్రం ఇబ్న్ బతూతా మాల్ అని ఠక్కున చెప్పేస్తారు! నాకు ఈమధ్య జెబెల్ అలీ అంటే గొడ్డలి గుర్తొస్తోంది. నవ్వకండి, చెప్తాను.

‘జెబెల్’ అంటే అరబ్బీలో కొండ. కొండ అన్నారు కదా అని నల్లమల ఊహించుకునేరు! చుట్టూ ఉన్న ఇసుక కంటే కాస్త ఎత్తయిన మిట్ట, అంతే. 1970లలో ఇక్కడి ఒడ్డుని తవ్వి ఓడరేవు కట్టారు. ఆ పనికి వచ్చినవాళ్ళ కోసం 1977లో జెబెల్ అలీ విలేజ్ వెలిసింది. 1979లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ వచ్చి రేవుని ప్రారంభించారు. 1985లో ఫ్రీ జోన్ మొదలైంది. ఇప్పుడు ఈ రేవులో ఎన్నో బెర్తులున్నాయి. మనుషులు తవ్వి కట్టిన రేవుల్లో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఇదొకటి. మనం వాడే ఫ్రిజ్జూ, తినే బియ్యమూ, పిల్లల సైకిళ్ళూ చాలావరకు ఇక్కడ దిగినవే.

సరుకు ఎక్కడ దిగితే అక్కడ పెట్టెలుంటాయి. పెట్టెలున్నచోట చెక్క ఉంటుంది. చెక్క ఉన్నచోట వడ్రంగి ఉంటాడు. నా కథ అక్కడ మొదలవుతుంది.

కామ లేని గొడ్డలి

గుంటూరు జిల్లాలో మా తాతగారి పెంకుటిల్లు అమ్మేశారు. నాన్నగారు అటక దించుతుంటే గోనెసంచిలో ఒక గొడ్డలి దొరికింది. దాన్ని గొడ్డలి అనాలో, తుప్పు ముద్ద అనాలో తెలియదు. కామ ఎప్పుడో విరిగిపోయింది, కన్నంలో మాత్రం పాత తుమ్మ ముక్క బిగుసుకుపోయి ఉంది. ఊళ్ళో కమ్మరి చేసింది, తాతయ్య చింత మొద్దులు చీల్చింది. “పాత ఇనుము వాడికి వేసెయ్యనా?” అని నాన్నగారు ఫోన్‌లో అడిగారు. వద్దన్నాను. సెలవులకి వెళ్ళినప్పుడు వాదరకి అట్టముక్క కట్టి, గుడ్డ చుట్టి, చెక్-ఇన్ లగేజీలో పెట్టి తెచ్చుకున్నాను. ఇలాంటివి చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కనివ్వరు, గుర్తుంచుకోండి.

“మనది పదిహేడో అంతస్తు. కట్టెల పొయ్యి ఏమైనా పెడుతున్నారా?” అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. మా పదకొండేళ్ళ వాడు మాత్రం దాన్ని రెండు చేతులా ఎత్తి, “నాన్నా, ఇది నిజంగా ముత్తాతదా?” అన్నాడు. అప్పుడే అనుకున్నాను, దీనికి కామ వేయించాలని.

మా కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడే గోడౌన్ పక్కన ఎగుమతి యంత్రాలకి చెక్కపెట్టెలు కట్టే షెడ్డు ఒకటుంది. అందులో మన నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన పనిచేసేవాడు. వంశపారంపర్యంగా వడ్రంగం. దుబాయ్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వచ్చిన కొత్తలో కట్టడాల దగ్గర సెంట్రింగ్ పని. వేసవిలో మధ్యాహ్నపుటెండలో బయటి పని ఆపాలన్న నిబంధన 2005లో వచ్చింది, అంతకు ముందు రెండు వేసవులు ఎండలోనే గడిపానని చెప్పేవాడు. నేను ‘అన్నా’ అనేవాణ్ణి, ఆయన నన్ను ‘సారూ’ అనడం మానలేదు.

గొడ్డలి చేతికివ్వగానే తిప్పి చూశాడు. వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. “మంచి ఇనుము సారూ. ఆదివారం తీస్కరాండ్రి. పోరణ్ణి గూడ తోల్కరాండ్రి” అన్నాడు.

మొదటి ఆదివారం: తుప్పు కింద గీత

అందరికీ తట్టే ఆలోచన ఒకటుంది: గొడ్డలిని మంటలో వేస్తే పాత కర్ర కాలిపోతుంది కదా అని. ఆయన అది చేయనివ్వలేదు. గొడ్డలి అంచుకి కమ్మరి కొలిమిలో కాల్చి, ముంచి, లెక్కగా పెట్టిన గట్టిదనం ఉంటుంది. మళ్ళీ మంటలో పడితే అది పోతుంది. కరెంటు గ్రైండర్‌తో పదును పెట్టినా ఇదే ప్రమాదం. ఇనుము నీలిరంగుకి తిరిగిందంటే ఆ చోట పదును నిలవదు. అందుకే కన్నంలో ఉన్న తుమ్మ ముక్కకి డ్రిల్లుతో నాలుగు బెజ్జాలు వేసి, ఇనుప కడ్డీ పెట్టి కిందికి కొట్టాడు. ముక్కలుగా ఊడి పడింది.

తరువాత తుప్పు. జెబెల్ అలీ గాలిలో ఉప్పుంటుంది, ఇక్కడ ఇనుము ఒక రాత్రి బయట ఉంటే చాలు, మర్నాటికి ఎర్రబడుతుంది. మందు మాత్రం మన వంటింట్లోనే ఉంది: మామూలు తెల్ల వెనిగర్. ప్లాస్టిక్ డబ్బాలో మునిగేలా పోసి ఒక రోజు ఉంచాలి. తీశాక ఇనుప పీచుతో రుద్ది, తినే సోడా కలిపిన నీళ్ళతో కడగాలి, లేకపోతే మిగిలిన ఆమ్లం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. వెంటనే పొడిగా తుడిచి నూనె పట్టించాలి.

సోమవారం రాత్రి మా బాల్కనీలో వాడు తుప్పు రుద్దుతుంటే ఒక వింత కనిపించింది. అంచుకి రెండు వేళ్ళ వెడల్పున ఒక సన్నటి గీత. గీతకి ఇటు ఒక రంగు, అటు ఇంకో రంగు. ఫోటో తీసి పంపితే అన్న నవ్వుతూ ఫోన్ చేశాడు. “గది ఉక్కు సారూ. ఒళ్ళంత మెత్తటి ఇనుము, మూతికి ఉక్కు. కమ్మరాయన అతికిండు.” గొడ్డలి మొత్తం ఉక్కుతో చేస్తే ఖరీదు, పైగా దెబ్బకి పెళుసుగా విరగొచ్చు. మొత్తం మెత్తటి ఇనుముతో చేస్తే రెండు దెబ్బలకే మొండిబారుతుంది. అందుకని మెత్తటి ఇనుముకి ఉక్కు అంచు కొలిమిలో కాల్చి అతికేవారు. పేరైనా మిగలని మా ఊరి కమ్మరి పనితనం ఆ గీతలో మిగిలింది.

రెండో ఆదివారం: ఏ చెక్క?

పిల్లలూ, ఈసారి గోడౌన్ పక్కన చెక్క ప్యాలెట్ కనిపిస్తే దగ్గరికెళ్ళి చూడండి. దాని మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. ఒక దేశపు పురుగులు చెక్కలో దాక్కుని ఇంకో దేశానికి పోకుండా ప్రపంచంలోని చాలా దేశాలు పెట్టుకున్న ఏర్పాటు ఇది. ముద్రలో ‘హెచ్.టి.’ అని ఉంటే చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాల పాటు తగలనిచ్చారని అర్థం. ‘ఎమ్.బి.’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారన్నమాట. అలాంటి చెక్కతో ఇంట్లో ఏ వస్తువూ చేయకూడదు, కాల్చకూడదు.

మా వాడు ఉత్సాహంగా ఒక హెచ్.టి. ప్యాలెట్ పలక పట్టుకొచ్చాడు. అన్న దాన్ని మోకాలి మీద పెట్టి వంచాడు. పుటుక్కున విరిగింది! “పైన్ చెక్క బిడ్డా, పెట్టెకు మంచిది, దెబ్బకు ఆగది.” మన ఊళ్ళో అయితే నల్లతుమ్మ చేవ. గట్టిది, దెబ్బకి ఓర్చుకుంటుంది. అమెరికావాళ్ళు హికరీ వాడతారు, యూరప్‌వాళ్ళు యాష్. టేకు పేరుకి గొప్పదే కానీ గొడ్డలి కామకి పనికిరాదు, పెళుసు. ఆయన ముందే ఫర్నిచర్ పనివాళ్ళని అడిగి ఒక యాష్ ముక్క సంపాదించి ఉంచాడు.

ఇక్కడే అసలు రహస్యం. చెక్క కొసన చూస్తే చెట్టు వయసు చెప్పే చారలుంటాయి కదా. ఆ చారలు గొడ్డలి వాదర ఎటు ఉందో అటే సాగాలి, అడ్డంగా ఉండకూడదు. పొడవునా చూసినప్పుడు చారలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా పోవాలి. మధ్యలో పక్కకి జారిపోతే కామ సరిగ్గా అక్కడే విరుగుతుంది. షాపులో కామ కొన్నా, గడ్డపార కర్ర కొన్నా ఈ రెండూ చూసి కొనండి.

పొడవుకి ఆయన టేపు తీయలేదు. మా వాణ్ణి నిలబెట్టి చంక నుంచి అరచేతి దాకా కొలిచాడు, తరువాత నన్ను కొలిచాడు. “ఇది నీకు గాదు, నాయనకు. నీకు పెద్దగైనంక ఇంకోటి” అన్నాడు. రంపంతో కోసి, బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, మధ్యాహ్నానికి కామ ఆకారం తెచ్చాడు. పైకొస మాత్రం కావాలనే కాస్త లావుగా వదిలేశాడు.

“రెండు వారాలు మీ ఏసీ రూముల పెట్టుండ్రి” అన్నాడు. ఇది జెబెల్ అలీ విద్య! వేసవిలో తీరం గాలిలో తేమ ఎక్కువ, చెక్క ఉబ్బి ఉంటుంది. ఉబ్బిన చెక్కని బిగిస్తే, తరువాత ఏసీ ఇంట్లో ఎండి కుదించుకుపోయి గొడ్డలి వదులవుతుంది. ముందే ఎండబెట్టి బిగిస్తే ఆ బాధ ఉండదు. వదులైన గొడ్డలిని నీళ్ళ బకెట్టులో నానబెట్టే అలవాటు మన ఊళ్ళల్లో ఉంది. అది ఆ పూటకి మాత్రమే. ఆరాక మునుపటికంటే వదులవుతుంది. ఊడిన గొడ్డలి ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు.

మూడో ఆదివారం: న్యూటన్ గారి సాయం

రెండు వారాలయ్యాక మళ్ళీ వెళ్ళాం. కామ పైకొసన రంపంతో నిలువుగా ఒక చీలిక కోశాడు. గొడ్డలి కన్నంలో దూర్చి చూడడం, ఎక్కడ రాసుకుంటే అక్కడ నల్లగా మరక పడుతుంది కాబట్టి అంతవరకే గీయడం, మళ్ళీ దూర్చడం. పది పన్నెండు సార్లు జరిగిందిది. “తొందరేంది సారూ, ఒక్కపారి పోయిన చెక్క మల్ల రాదు” అన్నాడు. ప్రొడక్షన్‌లోకి పోయే ముందు టెస్టింగ్ మీద మా ఆఫీసులో ఇచ్చే ఉపన్యాసాలన్నీ ఈ ఒక్క ముక్కలో ఉన్నాయి.

తరువాత మా వాడికి ఒక గారడీ చూపించాడు. కామని నిలువుగా, గొడ్డలి కిందికి వేలాడేలా గాలిలో పట్టుకున్నాడు. కామ పై చివర చెక్క సుత్తితో టక్ టక్ మని కొట్టాడు. నేల మీద కొట్టలేదు, గొడ్డలిని ముట్టుకోలేదు. దెబ్బ దెబ్బకీ గొడ్డలి దానంతటదే కామ మీదికి ఎక్కుతోంది! మా వాడు నోరు తెరిచాడు. పిల్లలూ, ఎందుకో చెప్పుకోండి చూద్దాం. బరువైన ఇనుము ఉన్నచోటే ఉండాలనుకుంటుంది, దెబ్బ తిన్న కామ మాత్రం కిందికి కదిలి ఇనుములోకి చొచ్చుకుపోతుంది. మీ సైన్సు పుస్తకంలోని న్యూటన్ మొదటి సూత్రమే ఇది. అన్న ఏడో తరగతితో చదువు ఆపేశాడు, న్యూటన్ పేరు ఆయనకి తెలియదు. సూత్రం మాత్రం చేతికి తెలుసు.

చీలికలో చెక్క చీల దిగగొట్టి, మిగిలింది కోసి, చివరికి కామకి అవిసె నూనె పట్టించాం. ఒక జాగ్రత్త, ముఖ్యంగా మన ఎండల్లో. అవిసె నూనె తుడిచిన గుడ్డలని ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. నీళ్ళల్లో తడిపి, పరిచి ఆరబెట్టి పారేయాలి.

ఇక్కడివాళ్ళ గొడ్డలి

ఈ మూడు వారాల్లో నాకు తెలిసిన సంగతేమిటంటే, గొడ్డలి ఈ దేశానికీ కొత్తది కాదు. రస్ అల్ ఖైమా కొండల్లో, ఒమాన్‌లోని ముసందంలో షిహూ అనే తెగవాళ్ళుంటారు. మిగతా ఒమానీలు నడుముకి ఖంజర్ బాకు పెట్టుకుంటే, వీళ్ళు చేతిలో ‘జర్జ్’ పట్టుకుంటారు. పొడుగాటి చేతికర్ర, దాని కొసన చిట్టి గొడ్డలి. కొండెక్కేటప్పుడు ఊతం, ముళ్ళకంపకి ఆయుధం, పెళ్ళికెళ్ళినప్పుడు హోదా. ఇక్కణ్ణుంచి సుమారు రెండు గంటల ప్రయాణం. చలికాలంలో జెబెల్ జైస్‌కి వెళ్ళేవాళ్ళు దారిలో పెద్దవాళ్ళ చేతికేసి చూడండి.

దుబాయ్ ఎడారిలో 2002లో సరూక్ అల్ హదీద్ అనే చోటు బయటపడింది. సుమారు 3,000 ఏళ్ళ కిందట అక్కడ లోహపు పని జోరుగా సాగింది. బాకులు, బాణపు ములుకులు, కంచు గొడ్డళ్ళు దొరికాయి. ఎక్స్‌పో 2020 చిహ్నానికి ఆధారం అక్కడ దొరికిన బంగారు ఉంగరమే. ఇంకా వెనక్కి వెళితే, షార్జాలోని జెబెల్ ఫాయాలో సుమారు 1,25,000 ఏళ్ళనాటి రాతి పనిముట్లు దొరికాయని 2011లో ప్రకటించారు. వాటిలో చేతిగొడ్డళ్ళున్నాయి. అదే 2011లో మన చెన్నై దగ్గరి అత్తిరంపాక్కం పనిముట్లు 15 లక్షల ఏళ్ళనాటివని తేల్చారు. ఆ చేతిగొడ్డళ్ళకి కామ లేదు, రాయినే గుప్పిట పట్టుకునేవారు. రాయికి కర్ర తగిలించవచ్చని ఎవరికో తట్టడానికి లక్షల ఏళ్ళు పట్టిందన్నమాట.

చెట్లు కూడా మనకి చుట్టాలే. ఇక్కడి జాతీయ వృక్షం ఘాఫ్ అంటే మన జమ్మి. పాండవులు ఆయుధాలు దాచిన జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి. ఇక్కడ అనుమతి లేకుండా దాన్ని కొట్టడం నేరం, దసరాకి ఆకు కోసం కూడా చెయ్యి వేయకండి. సిద్ర్ అంటే మన రేగుకి అక్క, సమ్ర్ అంటే తుమ్మకి చెల్లెలు.

ఇంకో చుట్టరికం ఉంది. అన్న వాళ్ళ నిజామాబాద్ జిల్లాలోనే కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ప్రపంచ ప్రసిద్ధం. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు ఆ ఊరి దాకా వచ్చేవారని హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు రాశాడు. ఆ వ్యాసం 1832లో అచ్చయింది. ఆ ఉక్కుతో చేసిన కత్తులకి పర్షియాలో ఎంతో పేరు. ఇది చెప్తే అన్న ఆశ్చర్యపోలేదు. “మా దిక్కు చేన్లల్ల ఇంక చిట్టెం కుప్పలుంటయ్ సారూ. అప్పుడు ఉక్కు కొన వాళ్ళొచ్చిండ్రు. ఇప్పుడు పని కోసం మేమొస్తున్నం” అన్నాడు. ఆ మాట తరువాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

అట్టముక్క

ఆయన వచ్చే నెల శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతున్నాడని మూడో ఆదివారమే తెలిసింది. టీ తాగుతూ, “మీ అబ్బాయికి ఈ పని వచ్చా అన్నా?” అని అడిగాను. గ్లాసు కింద పెట్టి చెప్పాడు. కొడుకు రెండేళ్ళవాడప్పుడు ఆయన విమానం ఎక్కాడు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. ఆ రెండు నెలల్లో పెళ్ళిళ్ళు, అప్పులు, ఇంటి పని, ఆసుపత్రులు. బాడిస పట్టించడానికి తీరిక ఎక్కడ? ఇప్పుడా అబ్బాయి నిజామాబాద్‌లో ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. మంచి పిల్లవాడట, తండ్రి పంపిన ప్రతి రూపాయికీ లెక్క చెప్తాడట. “పని మాత్రం నాతోని ఆగిపోతది” అన్నాడు. తరువాత మా వాడి వైపు చూసి, “ఈ పోరడు మూడు ఐతారాలల్ల జూసింది నా కొడుకు ఇరవై ఏండ్లల్ల జూడలే” అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. మా వాడికి ఎంత అర్థమైందో తెలియదు కానీ, లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. దానికి బదులు ఒక కార్డుబోర్డు పెట్టె చింపి, కామని దాని మీద పడుకోబెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీత గీశాడు. కత్తిరించి మా వాడికిచ్చాడు. “కామ ఎన్నటికన్న ఇరుగుతది బిడ్డా. ఇనుము ఇరగది. ఇరిగిన్నాడు ఇది కట్టె మీద పెట్టి గీస్కో.” తనకోసం కూడా ఇంకొకటి కత్తిరించుకుని చొక్కా సంచిలో పెట్టుకున్నాడు. కొడుక్కి చూపిస్తానన్నాడు. కొడుకు నేర్చుకుంటాడో లేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

గొడ్డలి ఇప్పుడు వాదరకి తోలు తొడుగుతో మా ఇంట్లో బీరువా పైన ఉంది. చింత మొద్దులు లేవు కాబట్టి చీల్చేదేమీ లేదు. వచ్చే సెలవులకి నాన్నగారి చేతిలో పెట్టాలని మా వాడి పట్టుదల. మీరూ ఈ వేసవిలో ఊరెళితే అటక ఒకసారి దింపించండి. గొడ్డలే కానక్కర్లేదు, కొడవలో, పారో, కత్తిపీటో ఏదో ఒకటి ఉంటుంది. పాత ఇనుము వాడికి వేసే ముందు ఒక రోజు వెనిగర్‌లో వేసి చూడండి, గీత ఏమైనా కనిపిస్తుందేమో.

అట్టముక్క మా ఇంట్లో ఉంది. కావలసినవాళ్ళు వచ్చి గీసుకుపోవచ్చు. టీ మేమిస్తాం, చెక్క మాత్రం మీరే తెచ్చుకోవాలి. చారలు చూసి మరీ తీసుకోండి!